ఈ పుస్తకం ఎందుకు వేశారండీ?

బుక్ ఫెయిర్‌లో రెండు వందలు పెట్టి కొన్న పుస్తకం ముప్పయ్యో పేజీ దాటనని మొరాయిస్తే పాఠకుడికి కలిగే మొదటి అనుమానం: వేసినాయన దీన్ని చదివే వేశాడా? చాలాసార్లు చదివి ఉండడు. చదవాల్సిన పని పడి ఉండదు. ప్రచురణకర్తలకు అభిరుచి లేదు, డబ్బే కావాలి అని తిట్టుకోవడం సులువు. డబ్బే కావాల్సినవాడు ఎవరూ కొనని పుస్తకం ఎందుకు వేస్తాడన్నది మాత్రం ఆ తిట్టులో తేలదు. పెట్టుబడి ఎవరి జేబులోంచి వచ్చింది, ఏ దారిన తిరిగి చేతికందింది అని చూస్తే తేలుతుంది. తెలుగులో వచ్చే నాసి పుస్తకాల్లో చాలావాటికి ఆ దారిలో పాఠకుడు ఎక్కడా ఎదురుపడడు.

ముందు ఒక మామూలు పుస్తకం లెక్క. డెమీ 1/8 సైజు (మామూలు నవల సైజు), 208 పేజీలు, చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే (70 జీఎస్ఎం) మ్యాప్‌లితో రకం కాగితం, 500 కాపీలు. 208 ఎందుకంటే పుస్తకం ఫారాల లెక్కన, అంటే కలిపి అచ్చేసి మడిచే పేజీల కట్టల లెక్కన తయారవుతుంది: ఫారానికి పదహారు పేజీలు, పదమూడు ఫారాలు. 200 పేజీల దగ్గర ఆగితే పన్నెండున్నర ఫారాలవుతాయి, ఖర్చు మాత్రం ఇంచుమించు పదమూడుకీ పడుతుంది. పుస్తకం చివర కనిపించే అభినందన లేఖలు, రచయిత ఇతర రచనల జాబితా, రెండు తెల్ల పేజీలు చాలావరకు ఇలా మిగిలిన చోటు నింపడానికి వచ్చినవే. 23 × 36 అంగుళాల షీటుకు 32 పేజీలొస్తాయి కాబట్టి కాపీకి ఆరున్నర షీట్లు. తరుగుతో కలిపి ఏడు రీములు (రీముకు 500 షీట్లు), తూకంలో 130 కిలోలు. కిలో 95 రూపాయలనుకుంటే కాగితానికి దాదాపు 12,500. డీటీపీకి, అంటే కంప్యూటర్లో కొట్టి పేజీలు కట్టడానికి, పేజీకి 40 చొప్పున 8,300. ప్రూఫులకు పేజీకి 10 చొప్పున 2,000. అట్ట డిజైనుకు 4,000. ప్లేట్లు, ముద్రణ ఫారానికి వెయ్యి లెక్కన 13,000. అట్ట ముద్రణకూ లామినేషన్‌కూ 6,000. బైండింగు కాపీకి 12 చొప్పున 6,000. అన్నీ కలిపితే 51,800, అంటే కాపీకి 104 రూపాయలు. ఊరినీ ప్రెస్సునూ బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, తేలే సంగతి అదే.

దీనికి వెల 200 వేశారనుకుందాం. పుస్తకాల షాపుకిచ్చే కమీషను 40 నుంచి 50 శాతం. 45 అనుకుంటే ప్రచురణకర్తకు వచ్చేది 110. కాపీకి ఆరు రూపాయలు మిగులు. అదీ అయిదు వందలూ అమ్ముడై, షాపుల నుంచి డబ్బు వసూలైతే. షాపులు ఎక్కువగా ముందు డబ్బు కట్టి కొనవు, అమ్మిపెడతామని తీసుకుంటాయి. నెలల తర్వాత లెక్క చెబుతాయి, మిగిలినవి వెనక్కి పంపుతాయి. రచయితకు పది శాతం రాయల్టీ, అంటే 20 రూపాయలు ఇవ్వాలంటే ఆ ఆరు పోయి కాపీకి పద్నాలుగు నష్టం. అచ్చయిన పుస్తకం మీద జీఎస్టీ లేదని అందరూ సంతోషిస్తారు. కాగితం మీద, ప్రెస్సు పని మీద కట్టిన పన్ను వెనక్కి రాదన్నది ఆ సంతోషంలో మరుగున పడుతుంది.

ఇప్పుడు ఇందులో ఎడిటర్‌ను కూర్చోబెట్టండి. 208 పేజీల రాతప్రతిని రెండుసార్లు చదవాలి. చెప్పిందే చెప్పిన చోట్లు కొట్టేయాలి. మూడో అధ్యాయంలో మేనమామ అయినవాడు పన్నెండో అధ్యాయంలో బాబాయి కాకుండా చూడాలి. తేదీలు సరిచూడాలి, రచయితతో వాదించి నలభై పేజీలు తీయించాలి. ఇది మూడు వారాల పని. 20,000 ఇస్తే కాపీకి 40 రూపాయలు. ఆరు రూపాయల మిగులున్న చోట ఆ నలభై ఎక్కడ పెడతారు? అందుకే మన దగ్గర ఎడిటింగ్ అనే మాటకు అర్థం ప్రూఫులు దిద్దడం దగ్గర ఆగిపోయింది. పాఠకుడు పుస్తకాన్ని తిట్టుకునే కారణాల్లో సగం, అంటే సాగదీత, పునరుక్తి, తొందరలో ముగించిన ముగింపు, ఆ పెట్టని 20,000లో ఉన్నాయి. మంచి ప్రతి కూడా ఇలాగే అచ్చయి చెడుతుంది. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది అదే: పూర్తిగా చెత్త కాదు, ఒక్క చేయి పడితే నిలబడేది.

కాపీల సంఖ్య దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ఇదే పుస్తకం వెయ్యి వేస్తే మొత్తం ఖర్చు 75,000 చిల్లర, కాపీకి 75. అదనంగా వేసే అయిదు వందలు ఒక్కొక్కటి 47కే వస్తున్నాయని ప్రెస్సువాళ్లు చెబితే ఎవరికైనా ఆశ పుడుతుంది. అమ్ముడుపోయే కాపీలు మూడు వందలే అయినప్పుడు ఆ చవక వల్ల ఒరిగేదేమీ లేదు, మంచం కింద ఇంకో పది కట్టలు చేరడం తప్ప.

మరి పుస్తకాలు ఎలా వస్తున్నాయి? ఆ ఖర్చు రచయితే పెట్టుకుంటున్నాడు గనుక. తెలుగులో కవిత్వం, కథలు, వ్యాసాలు ఎక్కువగా ఇలాగే వస్తున్నాయి. రచయిత అరవై, డెబ్బై వేలు ముందే ఇస్తాడు. ప్రచురణ సంస్థ డీటీపీ నుంచి బైండింగు దాకా చేయించి, తన పేరు, లోగో, పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ సంఖ్య ఇచ్చి, రెండు మూడు వందల కాపీలు రచయిత ఇంటికి పంపుతుంది. మిగిలినవి తన స్టాల్లో పెడుతుంది. సంస్థ లాభం మొదటి ఫారం మిషనెక్కక ముందే చేతికొచ్చింది. ఇక రాతప్రతి బాగుందా లేదా అని చదివితే పోయేది టైమే. కాదంటే పోయేది పది పదిహేను వేల ఆదాయం, పైగా ఒక పరిచయం. ఇందులో మోసం లేదు. రచయితకు తెలుసు, ప్రెస్సుకు తెలుసు, ముందుమాట రాసినాయనకూ తెలుసు. తెలియంది స్టాల్లో లోగో చూసి కొన్న పాఠకుడికే.

ఆ ముందుమాటల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎడిటర్ లేని చోట పెద్దల ఆశీస్సులు ఆ ఖాళీలో చేరాయి. పేజీలు కట్టేశాక, అట్ట కూడా తయారయ్యాక పీడీఎఫ్ పంపి వారంలో నాలుగు మాటలు రాయమంటారు. అప్పటికి ఎవరేం చెప్పినా మారేది లేదు. ఆయన రెండు మూడు కవితలు ఉదహరించి, "మరిన్ని మంచి రచనలు రావాలని" దీవించి పంపుతాడు. ఒకే పుస్తకానికి నాలుగు ముందుమాటలుంటే అది నాలుగింతల నమ్మకం అనుకోనక్కర్లేదు. మొహమాటపెట్టిన ఇళ్లు నాలుగు అని లెక్క.

డిజిటల్ ముద్రణ వచ్చాక మిగిలిన ఆ చిన్న గడప కూడా పోయింది. ప్లేట్లు చేయించి వేసే ఆఫ్‌సెట్‌లో 500 కంటే తక్కువ వేయడం దండగ కాబట్టి అరవై వేలు చేతిలో ఉన్నవాళ్లే ముందుకొచ్చేవాళ్లు. ఇప్పుడు యాభై కాపీలు కూడా వేయించుకోవచ్చు. కాపీ ధర ఎక్కువే, మొత్తం బిల్లు తక్కువ. దీన్ని నేను చెడు అనను. తొంభై కాపీలే చాలే పుస్తకాలు ఉంటాయి, ఒక ఊరి చరిత్ర, ఒక మాండలిక పదకోశం లాంటివి. అవి గతంలో ఆగిపోయేవి. వాటితోపాటు ఆగాల్సినవి కూడా ఇప్పుడు ఆగడం లేదు, అంతే.

కాలేజీల వైపు చూస్తే ఇంకో రకం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010 నిబంధనలతో అధ్యాపకుల పదోన్నతులకు పాయింట్లు వచ్చాయి. 2018 నిబంధనల పట్టికలో దేశీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి 10, సంకలనంలో ఒక అధ్యాయానికి 5, సంకలనానికి సంపాదకత్వం వహిస్తే 8. ఇక సదస్సు పత్రాల సంకలనం ఎలా తయారవుతుందో చూడండి. రెండు రోజుల జాతీయ సదస్సు, అరవై పత్రాలు. ఒక్కొక్కరూ రిజిస్ట్రేషన్ రుసుం కడతారు, అందులో పుస్తకం వెల కలిసే ఉంటుంది. అరవై మంది పాఠకులు దొరికినట్టే, ఒక్కొక్కరూ చదివేది తన అయిదు పేజీలే అయినా. మూడు పత్రాల్లో ఒకే కవి జీవిత విశేషాలు అవే వాక్యాలతో కనిపిస్తాయి, ఎందుకంటే ముగ్గురూ ఒకే చోటు నుంచి ఎత్తారు. పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాడు ప్రూఫ్ రీడర్ ఒక్కడే. అతనికి పేజీకి పది రూపాయలు. పీహెచ్‌డీ గ్రంథాన్ని అలాగే వేయడం దీనికి అన్నయ్య లాంటిది. "ఈ అధ్యాయంలో చర్చించబోయే అంశాలు", "పై అధ్యాయంలో చర్చించిన అంశాలు" అనే రెండు పేరాలు ప్రతి అధ్యాయానికీ అటూ ఇటూ కాపలా కాస్తుంటాయి. అవి పరీక్షకుడి కోసం రాసినవి. పుస్తకంలో వాటికేం పని? ఐఎస్‌బీఎన్ ఉంది కదా అని నమ్మేవాళ్లూ ఉన్నారు. అది మన దేశంలో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇచ్చే సంఖ్య. పుస్తకాన్ని గుర్తుపట్టడానికే తప్ప అది నాణ్యతకు ముద్ర కాదు.

గ్రంథాలయాల కొనుగోలు ఒకప్పుడు తెలుగు ప్రచురణకు వెన్నెముక. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు వసూలవుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ డబ్బుతో నడవాలి. 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ నిధులు దానికి తోడు. స్థానిక సంస్థలు సెస్సును సకాలంలో జమ చేయకపోవడం పాత జబ్బే. నిధులు ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారే వస్తాయి. ఆ ఆర్డరు అందుకోవాలంటే చేతిలో జాబితా పెద్దదిగా ఉండాలి. అయిదు మంచి టైటిళ్లున్నవాడి కన్నా యాభై టైటిళ్లున్నవాడికి ఒక్కోటి కొద్ది కాపీలు తీసుకున్నా ఎక్కువ గిడుతుంది. మహనీయుల జీవితాలు, నీతి కథలు, సామాన్య విజ్ఞానం, బొమ్మల రామాయణం లాంటివి ఎవరికీ అభ్యంతరం లేనివి, త్వరగా తయారయ్యేవి. వాటిని పాఠకుడు చదివాడా లేదా అన్నది రెండో ఆర్డరును ప్రభావితం చేయదు. అక్కడ కొనేవాడు వేరు, చదివేవాడు వేరు.

కాలమ్‌ల సంకలనాలు వేరే కథ, వాటిలో నిజంగా అమ్ముడుపోయేవి ఉంటాయి. పత్రికలో వారం వారం వచ్చినప్పుడు బాగున్నది పుస్తకంలో ఎందుకు చప్పబడుతుంది? వారానికొకటి చదివేవాడికి ప్రతిసారీ సందర్భం గుర్తుచేయాలి, పుస్తకంలో ఆ గుర్తుచేసే పేరా యాభైసార్లు వస్తుంది. కాలమిస్టుకు ఇష్టమైన సామెత నెలకోసారి వాడితే ముచ్చట, గంటలో నాలుగుసార్లు తగిలితే చికాకు. ఇక అచ్చయిన తేదీ తీసేసి "నిన్నటి ఎన్నికల ఫలితాలు చూశాక" అని ఉంచేస్తే ఏ ఎన్నికలో పాఠకుడే ఊహించుకోవాలి. వంద వ్యాసాల్లో నలభై ఏరి, తేదీలు వేసి, మొదటి పేరాలు కత్తిరిస్తే చాలు. కాలమిస్టు పేరుకే మూడు వందల కాపీలు కదులుతాయని తెలిసినప్పుడు ఆ కత్తెర ఎవరు పడతారు? 1970, 80లలో వీక్లీ సీరియళ్లు నవలలుగా వచ్చినప్పుడు జరిగిందీ ఇదే. వాటిని కొన్నది ప్రధానంగా అద్దె పుస్తకాల షాపులు. రచయిత్రి పేరు చూసి కొనేవి, రోజుకింత అని అద్దెకిచ్చేవి. ప్రతి వారం చివర తలుపు చప్పుడైతే, వచ్చింది పాలవాడని మరుసటి వారం తేలే నవలలో ఆ తలుపు చప్పుళ్లన్నీ అలాగే ఉండిపోయాయి.

అనువాదాల్లో నిరాశకు కారణం వేరు, అక్కడ డబ్బు ముందే ఇరుక్కుంటుంది. ఇంగ్లీషులో బాగా అమ్ముడైన వ్యక్తిత్వ వికాస పుస్తకానికి హక్కులు కొంటే అడ్వాన్సు కట్టాలి. ఒప్పందంలో ఇన్ని నెలల్లోగా వేయాలని, ఇన్నేళ్లకే హక్కులని ఉంటుంది. గడువులో సగం అనువాదకుడి కోసం వెతకడంలో పోతుంది. అతనికి పేజీకో పదానికో రేటు. పదానికైతే ఏ భాష పదానికి అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుంటాయి, పదాల సంఖ్య తగ్గుతుంది. రేటు తక్కువైతే రోజుకు ఎక్కువ పేజీలు లాగాలి. రెండు నెలల తర్వాత చేతికొచ్చిన ప్రతిలో ప్రతి నామవాచకం ముందూ "ఒక" నిలబడి ఉంటుంది, పనులన్నీ ఎవరో ఒకరి "చేత చేయబడి" ఉంటాయి. బాగాలేదని ప్రచురణకర్తకు మొదటి పేజీలోనే తెలుస్తుంది. మళ్లీ చేయిస్తే గడువు దాటుతుంది, ఆపేస్తే అడ్వాన్సు పోతుంది. వేస్తే పేరున్న పుస్తకం కనుక కొంతైనా వస్తుంది. వేస్తాడు.

పాత గ్రంథాల పునర్ముద్రణ మీద నాకు ఎక్కువ కోపం. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. రాయల్టీ లేదు, పేరు అందరికీ తెలుసు, అడిగేందుకు రచయిత లేడు. ప్రచురణకర్తకు ఇంతకన్నా సుఖమైన సరుకు లేదు. పాత ప్రతిని డీటీపీ ఆపరేటర్‌కిచ్చి కొట్టిస్తారు, లేదా పాత డీటీపీ పద్ధతిలో "అను" అనే ఫాంట్లలో ఉన్న ఫైలును ఇప్పటి యూనికోడ్‌లోకి మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు రాలిపోతాయి, ఆ తప్పులు అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉంటాయి. కొత్తగా కొట్టిస్తే ఇంకో ప్రమాదం: ఒకే మాటతో మొదలయ్యే రెండు వాక్యాల మధ్య కన్ను జారి ఒకటి ఎగిరిపోతుంది. మూలంతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అది దొరకదు. అంతకన్నా పెద్ద లోపం, ఏ ముద్రణను అనుసరించారో చెప్పకపోవడం. కన్యాశుల్కం 1897లో ఒక రూపంలో, 1909లో బాగా మార్చి పెంచిన రూపంలో వచ్చింది. రెండూ వేరు వేరు నాటకాలంత దూరం. మార్కెట్లో దొరికే చవక ప్రతి తీసి ఇది ఏదని వెతకండి, చాలావాటిలో ఆ ఒక్క వాక్యం ఉండదు.

వీటన్నిటి మీద క్యాలెండరు ఒకటి. డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఏడాదిలో నగదు కనిపించే రోజులు అవే. రాతప్రతి అక్టోబరులో చేతికొస్తుంది. డీటీపీకి పదిహేను రోజులు, మొదటి ప్రూఫుకు పది, దిద్దుబాట్లకు వారం. దిద్దేటప్పుడే కొత్త తప్పులు పడతాయి, ఒక లైను జరిగితే పేజీ చివరి లైను తర్వాతి పేజీకి పోతుంది, విషయసూచికలో అంకెలు పాతవే ఉండిపోతాయి. వీటిని పట్టేది రెండో ప్రూఫు. రోజులు చాలనప్పుడు మొదట తెగేదీ ఆ రెండో ప్రూఫే.

అమెరికాలోనూ నిరాశపరిచే పుస్తకాలకు కొదవ లేదు గానీ దారి తలకిందులు. పెంగ్విన్ రాండమ్ హౌస్ సంస్థ సైమన్ అండ్ షూస్టర్‌ను 217.5 కోట్ల డాలర్లకు కొనకుండా ఆపాలని అక్కడి ప్రభుత్వం వేసిన కేసు 2022 ఆగస్టులో విచారణకొచ్చింది. భారీ అడ్వాన్సు ఇచ్చిన పుస్తకాల్లో ఎక్కువ శాతం ఆ అడ్వాన్సుకు సరిపడా అమ్ముడవ్వవని, కొద్ది టైటిళ్లే లాభంలో పెద్ద వాటా తెస్తాయని ఆ రంగం పెద్దలే సాక్ష్యం చెప్పారు. అక్టోబరు 31న కోర్టు కొనుగోలును ఆపేసింది. అక్కడ ఏది ఆడుతుందో తెలియక పది గుర్రాల మీద కాస్తారు, తొమ్మిది కుంటుతాయి. ఇక్కడ పందెమే లేదు, గుర్రం యజమానే పరుగుకు డబ్బు కడుతున్నాడు. అక్కడ చెడ్డ పుస్తకం ప్రచురణకర్తకు నష్టం, కాబట్టి కనీసం ఒకసారి నిద్ర పట్టదు.

కొనే ముందు ఏం చూడాలి? టైటిల్ పేజీ తిప్పి, దాని వెనక "ప్రతులకు" అన్న చోట ఎవరి చిరునామా ఉందో చూడండి. మొదట రచయిత ఇల్లు, ఫోన్ నంబరు ఉంటే ఖర్చు ఎవరిదో తెలిసినట్టే. అంతమాత్రాన పుస్తకం చెడ్డది కాదు, తెలుగులో గొప్ప కవితా సంపుటాలు ఇలా వచ్చినవే. లోగోను నమ్మి కొనకూడదు, అంతవరకే. ప్రచురణ నెల డిసెంబరు అయితే విషయసూచికలో ఒక అంకె తీసుకుని ఆ పేజీ సరిగ్గా వస్తుందేమో చూడండి. అనువాదమైతే ఎవరు చేశారో పేరు లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందా, అట్ట మీద ఉందా? పునర్ముద్రణ అయితే ఏ ముద్రణను అనుసరించారో చెప్పారా? మొదటి పేజీ చదివి నిర్ణయించకండి, దాన్ని రచయిత పదిసార్లు దిద్దుకుని ఉంటాడు. అరవయ్యో పేజీ తెరవండి, అక్కడికి ఎవరి చెయ్యీ వెళ్లి ఉండదు.

అమ్ముడుపోనివి ఏమవుతాయో కూడా చెప్పాలి. కొన్ని చివరి రోజు "ఏదైనా యాభై" బల్ల మీదికెక్కుతాయి. కొన్ని పెళ్లిళ్లలో, సన్మానాల్లో చేతులు మారతాయి. మిగిలినవి రెండు మూడేళ్లకు తూకానికి వెళతాయి. మొదట చెప్పిన 208 పేజీల పుస్తకం అట్టతో కలిపి కాపీ 260 గ్రాములు, మూడు వందల కాపీలు 78 కిలోలు. కిలో 95కి కొన్న కాగితం కిలో పన్నెండుకో పదమూడుకో వెళుతుంది, వెయ్యి రూపాయలు చేతికొస్తాయి. లామినేషన్ ఉన్న అట్ట గుజ్జులో కరగదని కొనేవాడు ఒప్పుకోకపోతే, ఎవరో ఒకరు కూర్చుని మూడు వందల అట్టలూ చింపి వేరు చేయాలి.